దాలమ్మను అటకదాకా లేపే చదువు

బస్సెక్కితే దారిలో కనిపించే బోర్డులన్నీ పైకి చదవడం నాకలవాటు. బడి మెట్లెక్కకుండా సొంతంగా నేర్చుకున్న చదువు, నలుగురికీ పంచాలి కదా! దీన్ని నేను దానగుణం అంటాను. పక్క సీటువాళ్ళు లేచి వెనక్కి వెళ్ళిపోతారు.

నెల్లిమర్లలో మా పక్కింటి రాబర్ట్ చదివితే మాత్రం, విన్నవాళ్ళు లేచేది గాల్లోకి. జూట్ మిల్లులో పగటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కుటుంబ ప్రార్థనలో బైబిలు వాక్యం చదివేవాడు. ఒళ్ళో కూతురు స్వర్ణ. దాని వేలు అక్షరాల కింద జరిపిస్తూ, అడిగినదానికల్లా ఆగి జవాబు చెబుతూ. రాబర్ట్ తల్లి దాలమ్మ చాప మీంచి జానెడు లేచేది. ఐదేళ్ళొచ్చేసరికి స్వర్ణే చదవసాగింది.

"ఒసే, అటక మీద సింతపండు దించాల. ఏదోటి సదువే," అనేది దాలమ్మ మనవరాలితో.

"ఏటి సదవను?"

"ఏదైనా సదువు. మొన్నట్లాగ మద్దిలో ఆపీకు, నడుం ఇరిగిపోద్ది!"

ఇంట్లో నిచ్చెన అమ్మేశారు.

పచ్చకామెర్లొచ్చి స్వర్ణ ఒకటో తరగతి సగం బడికెళ్ళలేదు. జూన్‌లో బడి తెరిచిన రెండో వారం నాయనమ్మతో వెళ్తే, హెడ్మిస్ట్రెస్ కుసుమకుమారి హాజరు చూసి, మళ్ళీ ఒకటిలోనే కూర్చోమన్నారు. స్నేహితురాలు ఉష రెండో తరగతిలో పక్కన చోటు ఆపి ఉంచింది. స్వర్ణ ఏడుపు దిగమింగుకుంది.

"మా గుంటకి సదువొచ్చమ్మా!" అంది దాలమ్మ.

"బట్టీయేమో. ఇది చదవమనండి." గోడ మీది మధ్యాహ్న భోజనం పట్టిక చూపించారు.

స్వర్ణ వాక్యం చదివినట్టే అందుకుంది. సోమవారం వరుస చదివేసరికి మేడమ్ కుర్చీలోంచి గాల్లోకి లేచారు. బుధవారానికి బీరువా దాటారు. శనివారానికి ఫ్యాను పక్కకు చేరారు. ఆయా లక్ష్మణమ్మ ఫ్యాను ఆపి, చీపురు అందించింది.

"ఎలాగూ ఎల్లేరు, ఆ బూజు దులిపీండమ్మా."

మేడమ్ దులుపుతూనే అడిగారు. "పులిహోర ఏ రోజు?"

"బుధవారం. మరి మొన్న బుధవారం ఎయ్యలేదంట, ఉష సెప్పింది. ఎందుకెయ్యలేదు మేడమ్?"

మేడమ్ చీపురు ఆగింది. "లక్ష్మణమ్మా, ఇది బట్టీ కాదు. రిజిస్టరు అందించు" అన్నారు. పైకప్పు దగ్గర తేలుతూనే రెండో తరగతిలో స్వర్ణ పేరు రాశారు.

"ఇంక ఆమేన్ సెప్పి దింపీవే," అంది దాలమ్మ. "కొత్త మడిసి, కళ్ళు తిరుగుతాయి."

అప్పట్నుంచి నేనూ నా మనవరాలికి రోజూ చదువుతున్నాను. అది చాప మీంచి వేలెడు కూడా లేవలేదు. ఏటి లోపమని దాలమ్మనడిగాను.

"నువ్వే సదువుతావు, నువ్వే ఇనుకుంతావు. గుంటని మాటాడనిస్తేనా?"

నిజమే. పిల్ల మధ్యలో ఎందుకని అడిగితే చదవడం ఆపడం నాకింకా చేతకాలేదు.