ఆదివారం కొలత

మైసయ్య సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. చెన్నూరు, మంచిర్యాల, కరీంనగర్, కంటి ఆపరేషన్‌కు ఒక్కసారి వరంగల్. అంతకు మించి ఆయన తిరిగిన ఊళ్లు లేవు. అందుకే బంగాళాఖాతంలో ఉప్పెంతో తేల్చే లెక్కల్లో ఆయన చేతిరాతకు చోటుందని కూతురు లిడియా చెప్పినప్పుడు, తనతో వేళాకోళం ఆడుతోందనుకున్నాడు.

"నేను రాసింది గోదారి ఎత్తు. గా సముద్రంల ఉప్పుకు నాకేం సంబంధం బిడ్డా?"

లిడియా కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తోంది. సముద్రాన్ని కొలిచే ఒక సంస్థ, నదుల లెక్కలు చూసుకోవడానికి అక్కడొక చిన్న ఆఫీసు పెట్టింది. సముద్రానికి అంత దూరంలో సముద్రపు ఆఫీసేమిటని ఆటోవాళ్లు కూడా నవ్వేవారు. తండ్రికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె మంచం పక్కన చతికిలబడింది.

"సముద్రంల మేము యంత్రాలు తేలేసినం బాపూ. ఉప్పెంత, వేడెంత అని గంటగంటకు చెప్తయి. గవి పెట్టి ఎనిమిదేండ్లే. అంతకుముందు సముద్రం ఎట్లుండెనో ఎవరు చెప్పాలె? గోదారి ఎన్ని మంచినీళ్లు మోసుకపోయిందో తెలిస్తే, ఉప్పెంత తగ్గిందో లెక్కగట్టొచ్చు. గా గోదారి సంగతి నీ అసుంటోళ్లు రాసిన పుస్తకాలల్లనే ఉంది. ఎవరి లెక్క పనికొస్తే వాళ్ల పేరు రిపోర్టు ఆఖరి పేజీల అచ్చేస్తరు."

"నా పేరా?"

"నీ పేరే."

మరుసటి ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసేసరికి ఆ కబురు తెలియనివాళ్లు లేరు. ఆయన భార్య మగ్దలేనమ్మ అందరి ముందే నెత్తి కొట్టుకుంది. "ఇంట్ల ఉప్పు డబ్బ ఏడుంటదో ఎరుకలేదు గాని, సముద్రంల ఉప్పు చూస్తడట!"

నిజానికి మైసయ్య చేసిన పనికి పెద్ద పేరేమీ లేదు. గేజీ రీడర్ అంటారు. రేవులో వరుసగా పాతిన పలకల మీద మీటర్లు, సెంటీమీటర్లు గీతలు గీసి ఉంటాయి. పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి పుస్తకంలో రాయాలి. నెలాఖరుకు దాన్ని ఫారంలోకి ఎత్తి పంపాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన ఆ పనే చేశాడు. వరద హెచ్చరిక వస్తే ఆఫీసు నుంచే మనుషులొచ్చి రాత్రింబగళ్లు రేవులో కూర్చుని తమ పుస్తకంలో రాసుకునేవారు. మిగతా కాలమంతా ఆయన ఒక్కడే. మూడేళ్ల కిందట వంతెనకు ఒక రాడార్ బిగించారు. అది నీళ్లను ముట్టకుండానే ఎత్తు చెబుతుంది. దాంతో మైసయ్యకు సెలవు చెప్పి, పలకలను అక్కడే వదిలేశారు.

లిడియా పని పాత లెక్కలను సాపు చేయడం. పదమూడు రేవుల అంకెలు ఆమె కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎక్కడ ఒక సున్నా ఎక్కువ పడింది, ఎక్కడ మూడు ఎనిమిదైంది అని వెతకాలి. అందులో ఇంకో పరీక్ష ఉంది. వారంలో ఏ ఒక్క రోజైనా మిగతా రోజులకంటే వేరుగా నడుస్తోందా అని చూస్తారు. నదికి సోమవారం, మంగళవారం అని ఏమీ ఉండదు కాబట్టి, తేడా కనబడితే అది రాసిన మనిషిదే.

పన్నెండు రేవుల్లో ఏమీ కనబడలేదు. పదమూడోది తండ్రిది. అందులో ప్రతి ఆదివారం అంకె, శనివారానికీ సోమవారానికీ సరిగ్గా నట్టనడుమ ఉంది. ఒక్క ఏడు కాదు, ముప్ఫై ఒక్క ఏళ్లూ అంతే.

మొదట కంప్యూటర్‌ది తప్పనుకుంది. రెండోసారి చూశాక కాదని తెలిసిపోయింది. ఎందుకంటే ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు బాపు ఎక్కడుంటాడో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు? తెల్ల అంగీ వేసుకుని, పాటల పుస్తకం పట్టుకుని, చర్చిలో మగవాళ్ల వైపు మొదటి వరుసలో కూర్చునేవాడు. విశ్రాంతి దినాన కూలిపని చేయకూడదని వాళ్ల తాత కాలం నుంచీ ఇంట్లో కట్టుబాటు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఆయన ఒడిలో కూర్చుని కునికిపాట్లు పడిన పిల్లే కదా తను! ఆ గంటలో గోదారిని ఎవరు చూస్తున్నారని ఒక్కనాడూ తోచలేదు.

పక్క టేబుల్ దగ్గర పనిచేసే వందన తెర మీదికి తొంగిచూసింది. "ఫస్టు మీ బాపును అడుగు. పెద్దాఫీసుకు రాసి పంపుడు ఎంతసేపు?"

లిడియా అడగలేదు. అడగకపోవడానికి ఆమెకు పెద్ద కారణమే కనబడింది. ఆ రేవు రీడర్ తన తండ్రేనని ఆఫీసులో అందరికీ తెలుసు. రేపు ఇది ఇంకెవరో పట్టుకుంటే, కన్నతండ్రి అని కప్పిపుచ్చిందంటారు. తన నిజాయితీకి మచ్చ పడకూడదు. అరగంటలో ఉత్తరం తయారుచేసి పెద్దాఫీసులో ఉన్న కరుణాకర్ సారుకు పంపేసింది. తండ్రికి ఫోన్ చేయడానికి ఐదు నిమిషాలు పట్టేది. మనకు మంచిపేరు మీద ఉన్న తొందర మనుషుల మీద ఉండదు.

కరుణాకర్ సారు జవాబు మర్యాదగానే వచ్చింది. ఏడింట ఒక రోజు కల్పించి రాసినవాడు మిగతా ఆరు రోజులు చూసే రాశాడని నమ్మకమేమిటి, అందుకని ఆ రేవును మొత్తంగా తీసేస్తున్నామని రాశాడు. స్వయంగా బయటపెట్టినందుకు లిడియాను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు రెండు వారాలు ఆమెను గుచ్చుతూనే ఉంది. తర్వాత సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది.

వాకిట్లో మగ్దలేనమ్మ కందులు చెరుగుతోంది. మైసయ్య అరుగు మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. లిడియా నీళ్లు కూడా తాగకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. చేట చప్పుడు ఆగిపోయింది.

మైసయ్య కోప్పడలేదు. లోపలికి వెళ్లి మంచం కింది నుంచి యూరియా సంచి ఒకటి ఈడ్చుకొచ్చాడు. అందులో ముప్ఫై ఒక్క పుస్తకాలున్నాయి. అన్నిటికంటే అడుగునున్నది తీసి, మొదటి పేజీ తెరిచి కూతురి చేతిలో పెట్టాడు. వంకర టింకర అక్షరాలతో ఇలా ఉంది: "శిలువ గుర్తు పెట్టిన దినములు నేను నదికి పోలేదు. శనివారము, సోమవారము చూసి రాసినది."

లిడియా పేజీలు తిప్పింది. ప్రతి ఆదివారం అంకె పక్కన ఎర్ర పెన్సిల్‌తో చిన్న శిలువ ఉంది. ఇంకో పుస్తకం తెరిచింది, అందులోనూ ఉంది.

"ఖాళీ ఇడిస్తే కాయితం వాపస్ పంపుదురు బిడ్డా. అప్పటి సారుకు చెప్పిన, ఆదివారం నేను రానని. గట్లనే నింపి గుర్తు పెట్టుమన్నడు. పెట్టిన. ఆఫీసుకు పంపిన ఫారాల మీద గూడ పెట్టిన."

ఫారాలను కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు అంకెలు ఎక్కించారు. శిలువలను ఎక్కించడానికి ఏ గడీ లేదు. ఆ ఫారాలు ఇప్పుడెక్కడున్నాయో, ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. పుస్తకాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. పండుగకు వచ్చినప్పుడల్లా లిడియా పడుకునే మంచం కిందే ఉన్నాయి.

"నన్నడిగితే చెప్పకపోదునా?" అన్నాడు మైసయ్య. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఆదివారం సంగతి సరే. తతిమ్మ ఆరు దినాలు నేనేం చేసిన? జరమొచ్చినా పోయిన. మా అవ్వ సచ్చిన్నాడు గూడ నీళ్లు చూసొచ్చినంకనే బొంద తవ్వనీకి పోయిన. నువ్వు పుట్టిన్నాడు..." అంటూ ఆయన రెండో పుస్తకం అందుకుని, వేలితో వెతికి, ఒక బుధవారం దగ్గర ఆపాడు. రెండు మీటర్ల అరవై నాలుగు. "గిది చూసినంకనే దవఖానకు ఉరికిన."

లిడియా ఏడ్చింది. మగ్దలేనమ్మ కూతురి వీపు నిమురుతూ, "ఫికర్ చేయకు, మల్ల రాస్తే ఒప్పుకుంటరు" అంది.

మళ్లీ రాసింది. రెండు రోజులు కూర్చుని పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫొటోలు తీసి పంపింది. ఆదివారాలు తీసేసి మిగతావి ఉంచమని, అడగకుండా రాయడం తన తప్పని బతిమాలింది. నెల తర్వాత కరుణాకర్ సారు నుంచి జవాబు వచ్చింది. ఆయన చెడ్డవాడు కాడు. చాలా విచారపడ్డాడు. అయితే పన్నెండు రేవులతోనే సముద్రపు లెక్క నడిచిపోయిందని, రిపోర్టు అచ్చుకు వెళ్లిందని, మళ్లీ ఇంకెప్పుడైనా సవరించే పని పెట్టుకుంటే అప్పుడు చూద్దామని రాశాడు. ఆఖరి పేజీలో పన్నెండు రేవుల రీడర్ల పేర్లున్నాయి.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చి చెప్పింది. మైసయ్య అన్నం తింటున్నాడు. "సరే తీయ్" అని, ఇంకాస్త చారు పోసుకున్నాడు.

పొద్దున చర్చికి తయారవుతుంటే, "మీరు పోతుండుండ్రి, నేనెనుక వస్త" అన్నాడు. తల్లీకూతుళ్లు వెళ్లి కూర్చున్నారు. మొదటి పాట అయిపోయింది. మగవాళ్ల వైపు మొదటి వరుసలో ఆయన చోటు ఖాళీగా ఉంది. పాస్టరు కూడా రెండుసార్లు అటు చూశాడు. రెండో పాట ఎత్తుకునేసరికి మగ్దలేనమ్మ కూతురి వైపు తిరిగి, "పాణం బాగలేదా ఏంది? లేసి చూసిరాపో" అంది.

ఇంటికి తాళం వేసి ఉంది. లిడియాకు అప్పుడు తట్టింది. రేవు వైపు నడిచింది, తర్వాత పరుగెత్తింది.

మైసయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. తెల్ల అంగీ మీదే ఉంది, ధోవతి పైకి చెక్కుకున్నాడు. రంగు పెచ్చులూడిన పలకను తువ్వాలతో తుడిచి, కళ్లద్దాలు సర్దుకుని, గడియారం వంక చూస్తున్నాడు. చంకలో కొత్త నోటుబుక్కు ఉంది. అరవై ఎనిమిదేళ్లలో ఆదివారం నాడు ఆయన చర్చి తప్పడం అదే మొదలు.

"బాపూ!" అంటూ ఆమె చెప్పులతోనే నీళ్లలోకి దిగబోయింది.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఆగు బిడ్డా, దిగకు. నీళ్లు కదుల్తయి, లెక్క తప్పొస్తది."

లిడియా ఒడ్డునే నిలబడిపోయింది. నాలుగు అడుగుల దూరం. ఆయన్ను పట్టుకుని క్షమించమని అడగాలని ఉంది, కానీ కదలలేదు. ఎనిమిదయింది. మైసయ్య వంగి గీత చూశాడు, మళ్లీ చూశాడు, పుస్తకం తెరిచి రాసుకున్నాడు. తర్వాతే తలెత్తాడు.

"గీ పని అప్పుడే చేయకపోతిని. చూసినంక చర్చికి పోయినా ప్రభువు ఏమనకపోవు. నా బుద్ధికి తోచలే" అన్నాడు. "ఇగ నించి ఎన్ని ఆదివారాలు రాస్తే వాళ్లు నమ్ముతరు?"

తప్పు నీది కాదు బాపూ, నాది అని చెప్పాలి. ఎన్ని రాసినా ఇక ఎవరూ చూడరని కూడా చెప్పాలి. రెండోది చెప్పకుండా మొదటిది ఎలా చెప్పాలో లిడియాకు తెలియలేదు.

"నాకు తెల్వదు బాపూ" అంది చివరికి.

మైసయ్య తలూపాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకుంటూ, "అయితే వచ్చే వారం గూడ వస్త" అన్నాడు.