బంజరు కాదు

మా పరిశోధన గైడు నారాయణమూర్తిగారికి కొండలంటే ప్రాణం, మ్యాపులో ఉన్నంతవరకు. శృంగవరపుకోట అవతలి కొండకు రెండేళ్లలో ఒక్కసారే వచ్చారు. బూట్లలో ముళ్లు దిగాయని సగం దారిలోనే తిరుగుముఖం పట్టారు.

1968లో ఒకరోజు ఆయన నా ముందు ఒక ఫారం పెట్టారు. ఆ కొండవాలంతా నరికేసి నీలగిరి చెట్లు నాటాలని ఒక కమిటీ అనుకుంటోంది. ఈయన అందులో సభ్యుడు. అక్కడ మొక్కల మీద పరిశోధన చేస్తున్నదాన్ని కాబట్టి, 'నేల రకం' అన్నచోట 'బంజరు' అని రాసి నేను సంతకం పెట్టాలి.

"పెట్టెయ్ పద్మకుమారీ. నీ థీసిస్ కూడా నా బల్లమీదే ఉంది," అన్నారు నవ్వుతూ.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు? మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేను. డాక్టరేటు వస్తే ఉద్యోగం, రాకపోతే వంటిల్లు.

ఫారం పట్టుకుని కొండెక్కాను. గడ్డి కోస్తున్న కొండకింది ఊరి దేముడమ్మ నా మొహం చూసి కొడవలి పక్కన పెట్టింది. నేను రాసుకున్న రెండు వందల పన్నెండు మొక్కల్లో సగానికి పైగా ఆవిడ చూపించినవే. సంగతంతా చెప్పాను.

"బంజరా? ఎవడన్నాడు?" అని లేచింది. "మరి రెండేళ్లనుండీ నాకాడ అడిగి రాసుకున్నావే, అయ్యన్నీ నీ జడలో మొలిసినాయేటి?"

అక్కడే బండమీద కూర్చున్నాను. 'బంజరు కాదు' అని రాసి, కింద నేలవేము, సుగంధిపాల, కొండచీపురు అంటూ రెండు వందల పన్నెండు పేర్లూ ఎక్కించాను. ఫారం చాలక కాగితాలు అతికించాను. 'సమాచారం ఇచ్చినవారు' అన్నచోట దేముడమ్మ పేరు రాసి సంతకం పెట్టాను.

మర్నాడు అది చూసి మా గైడు మొహం కందగడ్డయింది.

"చించేసి కొత్తది రాయి. లేదంటే నీకు పట్టా రాదు!"

"చించండి సార్. ఒక కాపీ కలెక్టరుగారికీ, ఇంకోటి పేపరువాళ్లకీ పొద్దున్నే పోస్టు చేశాను."

ఆ సాయంత్రం మళ్లీ కొండకు బయల్దేరితే దేముడమ్మ దారిలోనే ఎదురొచ్చింది.

"ఏటన్నాడమ్మా మీ సారు?"

"పట్టా రాదన్నారు."

ఆవిడకు తెలిసిన పట్టా భూమి పట్టా ఒక్కటే. నన్ను ఎగాదిగా చూసింది.

"ఓసింతేనా! ఈ కొండకి మాకు మాత్రం పట్టా ఉన్నాదేటి? ఎక్కడం మానీసినామా? నడు."