పాతదిబ్బ చర్చి నల్లబల్ల

నేను ఒక నల్లబల్లను. పాడైపోయిన పడవ చెక్కలతో నన్ను చేసి, బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి ఒళ్లంతా పూశారు. మొదట బడిలో ఉన్నాను. అక్కడ ఎక్కాలు మోసి మోసి నడుము విరిగాక, సముద్రపుటొడ్డున పాతదిబ్బ అనే పల్లెలో చర్చి వరండాకు చేరాను. అక్కడ ప్రార్థనలు నడిపే ఉపదేశి నా మీద పూజ వేళలు రాసేవాడు. ఊళ్లో ఎవరైనా పోతే పైన పెద్ద సిలువ గీసి కింద పేరు రాసేవాడు. చదువు రానివాళ్లు కూడా ఆ సిలువ చూసి, పోయిందెవరని అడుగుతూ వచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో నా మొహం చూసేవాడే లేడు.

ఆయన తర్వాత నేను సిస్టర్ క్లారా చేతికొచ్చాను. ఆవిడ దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. రెండువేల ఏళ్ల కిందట రోములో ఉన్న స్తోయిక్కులనే జ్ఞానుల మాటలూ, ఆ తర్వాతెప్పుడో జోలె పట్టి ఊరూరా తిరిగిన క్రైస్తవ సన్యాసుల మాటలూ అందులో పోగుచేసి ఉండేవి. రోజూ పొద్దున్నే నన్ను తడిగుడ్డతో తుడిచి, ఒక మాట రాసి, వచ్చేపోయేవాళ్లకు చదివి వినిపించేది. ‘గాలి నీ మాట వినదు, చుక్కాని పట్టిన నీ చెయ్యి వింటుంది’ అని ఒకనాడు స్తోయిక్ మాట రాసింది. శౌరయ్య అనే జాలరి విని తల పంకించాడు.

"ఈ పెద్దాయనెవరో సంద్రం మీద బాగా తిరిగినోడేనండి అమ్మగారూ" అన్నాడు.

ఎక్కడి రోము, ఎక్కడి పాతదిబ్బ! అంత దూరపు మనిషి నా ఒంటి మీది సుద్దగీతల్లోంచి మాట్లాడుతున్నాడు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను లేచింది. వేటకు పోయిన పడవలన్నీ తిరిగొచ్చాయి, శౌరయ్యది తప్ప. అతని భార్య రోశమ్మ పొద్దస్తమానం ఒడ్డునే కూర్చునేది.

ఒక ఉదయం సన్యాసుల వంతు వచ్చింది. సిస్టర్ భక్తికొద్దీ పైన చక్కటి సిలువ గీసి, కింద మాట రాసి లోపలికి వెళ్లింది. ఆవిడ వచ్చాక ఊళ్లో చావు లేదు, మా వాడుక ఆవిడకు తెలియదు. నాకు తెలుసు గానీ నోరు లేదాయె.

ఒడ్డునుంచి వస్తూ రోశమ్మ సిలువ చూసింది. అరవలేదు. దగ్గరకొచ్చి నా మీద చెయ్యి ఆనించింది. తర్వాత గాజులు ఒక్కొక్కటే తీసి కొంగున ముడేసుకుంది.

సిస్టర్ బయటికొచ్చి, "ఏమైంది రోశమ్మా?" అంది.

"మా ఆయన ఎక్కడ దొరికాడండి అమ్మగారూ?"

సిస్టర్ నా వైపు తిరిగి సిలువ చూసుకుంది. "అయ్యో, ఇది చావు కబురు కాదమ్మా. ఎప్పటివాడో ఒక సన్యాసి చెప్పిన మంచిమాట. సిలువ నేనే తెలియక గీశాను."

రోశమ్మ కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆమె నా వైపు చూసి, "ఏం జెప్పాడంట?" అని అడిగింది.

"నీకు భయమేసినప్పుడు, నీకంటే ఎక్కువ భయపడేవాళ్ల పక్కన వెళ్లి కూర్చో అన్నాడు."

రోశమ్మ ముడి విప్పి గాజులు తొడుక్కుంది. శౌరయ్యతో వేటకెళ్లిన అంతోని పెళ్లాం నిండు గర్భిణి, ఇంట్లో ఒక్కతే ఉంది. రోశమ్మ నేరుగా అక్కడికే వెళ్లింది. ఇన్నేళ్లలో నేనెన్ని మాటలు మోశానో! ఒక మాట లేచి నడవడం మాత్రం అప్పుడే చూశాను.

మర్నాడు వేరే ఊరి పడవ అంతోనిని తెచ్చింది. పడవ తిరగబడిందనీ, శౌరయ్య తన కళ్లముందే మునిగిపోయాడనీ అతను చెప్పాడు. సిస్టర్ సుద్దముక్క పట్టుకుంది గానీ సిలువ గీయలేకపోయింది.

"గీయండమ్మగారూ, ఈపాలి మాదే" అంది రోశమ్మ. పేరు రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది.

తెల్లారి సిస్టర్ తడిగుడ్డతో వచ్చి నా ముందు ఆగిపోయింది. ఆ పేరు తుడవడానికి ఆవిడకు చేతులు రాలేదు. చుట్టూ చేరినవాళ్లు కూడా ఉంచెయ్యమన్నారు. రోశమ్మ గుడ్డ అందుకుని, మొగుడి పేరును తనే నెమ్మదిగా తుడిచింది.

"ఇయ్యాల్టి మాట రాయండమ్మగారూ" అంది. "దాని కోసం ఎవరు ఎదురు చూత్తన్నారో ఏమో."