డస్టర్ లేని గది

ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పిడుగు. పెట్టింది బాబాయి. నాలుగో తరగతికి వచ్చేసరికి బడిలో కూడా ఆ పేరే ఖాయమైపోయింది. బోర్డు మీద లెక్క రాసి టీచరు ఇటు తిరిగేలోపే జవాబు చెప్పేసి, మిగతా పిల్లలు చేస్తున్నంతసేపూ కాళ్ళూపుకుంటూ కిటికీలోంచి బయటికి చూసే రకం. ఖాళీగా కూర్చుంటే ఊరుకుంటుందా? పక్కవాళ్ళ జడలు ముడేస్తుంది. ఈ పిల్లను ఏం చెయ్యాలో పాలుపోక చివరికి శనివారం క్లాసుకు పంపారు. చురుకైన పిల్లల్ని ఏరి, మేడమీద చివరి గదిలో కూర్చోబెట్టి, తరగతి పుస్తకాల్లో లేని లెక్కలిచ్చే క్లాసు అది.

ఆ గదిలో మూడు గోడలకూ నల్లబల్లలే. ఎంత వెతికినా డస్టరు మాత్రం కనబడదు. అక్కడ పాఠం చెప్పే టీచరమ్మ గొంతు చిన్నది, పట్టుదల పెద్దది.

"ఇక్కడ తుడవడాలు లేవు. తప్పొస్తే అడ్డంగా ఓ గీత కొట్టి, పక్కన మళ్ళీ వెయ్యండి. ఇంకోటి. జవాబు ఎవరికి కావాలి? ముందు మీ తప్పుదారి చెప్పాలి. ఎటెళ్ళారు, ఎక్కడ ఇరుక్కున్నారు, వెనక్కెలా వచ్చారు. ఆ తర్వాతే జవాబు" అంది మొదటిరోజే.

ఒక కళ్ళద్దాలవాడు లేచి, తన తప్పుదారిని పెళ్ళి కబుర్లు చెప్పినట్టు సాగదీసి సాగదీసి చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వాడు. పిడుగు నోరు తెరుచుకుని చూసింది. తప్పు చేసినవాడు అంత సంతోషంగా ఉండటం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైగా ఆ గదిలో తను ఎవరికోసమూ ఆగక్కర్లేదు. అందరూ పరిగెత్తేవాళ్ళే. ఆ సాయంత్రం మెట్లు దిగుతున్నప్పుడే, ఈ గది వదిలి ఎక్కడికీ పోకూడదని నిశ్చయించేసుకుంది.

చిక్కల్లా ఇంటికిచ్చిన లెక్క దగ్గర వచ్చింది. ఎంత చూసినా తెగలేదు. పిడుగుకు లెక్క రాకపోవడమేంటి! కాగితం మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బాబాయి కంట పడనే పడింది. ఆయన కోచింగ్ సెంటర్లో పెద్ద పిల్లలకు లెక్కలు చెప్తాడు. ఎక్కడ లెక్క కనబడినా ఆయన చేతులు ఊరుకోవు.

"ఇంతేనా! ఇలా తే" అని లాక్కుని, టీ చల్లారేలోపు తేల్చిపారేశాడు. "ఇదిగో, ఇలా చెప్పు. ఏదీ, ఒకసారి అప్పజెప్పు."

పిడుగు గడగడా అప్పజెప్పింది. తర్వాత నసిగింది. "తప్పుదారి కూడా చెప్పమంటారు బాబాయ్."

"ఓస్, దానికేం భాగ్యం! అదీ తయారుచేద్దాం. ఇక్కడ ఒకటి కలపడం మర్చిపోయాను, వెంటనే చూసుకున్నాను, అని చెప్పు. సరిపోద్ది."

సరిపోయింది. తర్వాతి శనివారమూ సరిపోయింది. బాబాయికి ఇదో సరదా అయిపోయింది. శుక్రవారం సాయంత్రం సెంటర్ నుంచి వస్తూనే "ఏదీ మన లెక్క?" అని గుమ్మంలోనే అడిగేవాడు. జవాబుతో పాటు ఓ చక్కటి తప్పును కూడా తయారుచేసి చేతిలో పెట్టేవాడు. అమ్మకు ఆసుపత్రిలో డ్యూటీలతోనే సరిపోయేది. మరిదీ కూతురూ ఒకచోట కూర్చుని చదువుకుంటున్నారని ఆవిడకు ఎంతో సంబరంగా ఉండేది.

ఓ శనివారం అందరూ వెళ్ళిపోయాక టీచరమ్మ పిడుగును ఆగమంది.

"నీ తప్పులు చాలా శుభ్రంగా ఉన్నాయే" అంది.

పిడుగు తల దించేసుకుని, చేతికంటిన సుద్ద దులపసాగింది.

"నా తప్పులు చూడు ఎప్పుడైనా, చింపిరి జుట్టులా ఉంటాయి. నీవేమో నూనె రాసి దువ్వినట్టున్నాయి. ఎవరు దువ్వుతున్నారో నేను అడగను. వచ్చే శనివారం లెక్క ఇంటికివ్వను. ఇక్కడే, అప్పటికప్పుడు ఇస్తా. ఇళ్ళల్లోంచి పెద్దవాళ్ళని కూడా రమ్మన్నాం. తమంతట తాము ఆలోచించేవాళ్ళకే వచ్చే ఏడాది ఈ గదిలో చోటు. జవాబు వస్తుందా రాదా, అది నాకు ముఖ్యం కాదు."

ఇంటికొచ్చి పిడుగు ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. సంగతి తెలిసి బాబాయి తేలిగ్గా నవ్వేశాడు. "నేనుండగా నీకేం భయమే? మీ అమ్మకి డ్యూటీ ఉంది కదా, నేనే వస్తా. వారమంతా కూర్చోబెట్టి తోమేస్తాగా."

"వద్దు. ఈసారి నేనే చేసుకుంటా."

"అదేంటే, నేనేమైనా పరాయివాణ్ణా?"

"వద్దంటే వద్దు."

ఆ వారమంతా పిడుగు ఒక్కత్తే కూర్చుని, దొరికిన లెక్కనల్లా పట్టుకుని పోట్లాడింది. బాబాయి గుమ్మం దగ్గర అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, పోయి తలుపేసుకుంది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. పిడుగుకు జాలేసింది, కానీ తలుపు తియ్యలేదు.

శనివారం రానే వచ్చింది. పెద్దవాళ్ళంతా గది వెనకాల గోడవారగా కుర్చీల్లో సర్దుకున్నారు. పిల్లలకు తలో బోర్డు ముక్క, తలో లెక్క ఇచ్చారు. పిడుగు ముందు టీచరమ్మ నిలువుకు ఆరు, అడ్డానికి ఆరు చొప్పున గళ్ళు గీసి, ఐమూలగా ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్ళను కొట్టేసింది.

"ఒక్కో బిళ్ళ పక్కపక్కనున్న రెండు గళ్ళని కప్పుతుంది. మిగిలిన గళ్ళన్నీ నిండిపోవాలి. బిళ్ళలు ఎలా పరుస్తావో చూపించు" అంది.

పిడుగు సుద్దముక్క పట్టుకుంది. బుర్ర ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. అందరి తలల మధ్యనుంచి బాబాయి రెండు చేతుల వేళ్ళూ పైకెత్తాడు. పది. దించి, మళ్ళీ ఏడు. పదిహేడు! అక్కడితో ఆగాడా, బోర్డు వైపు గడ్డం ఊపుతూ, కళ్ళెగరేస్తూ, రాసెయ్ రాసెయ్ అని ఒకటే సైగలు.

రాసేస్తే పోతుంది. చెయ్యి బోర్డు దాకా వెళ్ళింది కూడా. కానీ రాస్తే మళ్ళీ ఓ తప్పును అల్లాలి. దువ్విన తప్పు. పిడుగుకు ముక్కుపుటాలు అదిరాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో దుఃఖమో దానికే తెలియదు.

"టీచర్, మా బాబాయిని బయటికి పంపండి" అంది గట్టిగా.

అందరూ తలలు తిప్పి చూశారు. బాబాయి ఎత్తిన వేళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి. పాపం, వాటినేం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. టీచరమ్మ వెళ్ళి తలుపు తెరిచింది. తలొంచుకుని ఆయన వరండాలోకి వెళ్ళిపోయాడు.

పిడుగు కొంగలా ఒంటికాలి మీద నిలబడి మొదలుపెట్టింది. అంచుల వెంట పరిచింది. చివరికి రెండు గళ్ళు మిగిలాయి, అదీ ఎడంగా. గీత కొట్టింది. పక్కన మళ్ళీ గళ్ళు గీసి, ఈసారి నిలువుగా పరిచింది. మళ్ళీ రెండు, మళ్ళీ దూరం దూరంగా. గీత. మధ్యలోంచి మొదలుపెట్టింది. గీత. "ఛీ, దీని దుంప తెగ!" అని పైకే అనేసింది. వెనక ఎవరో నవ్వారు. దానికి వినబడలేదు. మోచేతుల దాకా సుద్దపొడి, ముక్కు మీద కూడా సుద్దపొడి. తన ముక్క నిండిపోతే కళ్ళద్దాలవాణ్ణి జరగమని వాడి ముక్కలో కూడా గీసింది. గంట మోగినప్పుడు ఆ పిల్ల ఉలిక్కిపడింది.

"చెప్పు" అంది టీచరమ్మ.

"జవాబు రాలేదు టీచర్. తప్పుదారులే ఉన్నాయి." ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూపించింది. ఎటెళ్ళిందో, ఎక్కడ ఇరుక్కుందో చెప్పింది. "ఎలా పరిచినా చివర్లో రెండు గళ్ళు మిగిలిపోతున్నాయి. అవి ఒక్కసారి కూడా పక్కపక్కన రావట్లేదు. అసలు కుదరదేమో అనిపిస్తోంది. ఎందుకో తెలీదు." బోర్డంతా ఓసారి చూసుకుని అంది. "కానీ ఇవన్నీ నావే టీచర్. ఇందులో ఒక్కటి కూడా బాబాయిది కాదు."

టీచరమ్మ సుద్దముక్క తీసుకుని, ఆ గీతలూ కొట్టివేతలూ అన్నిటి చుట్టూ పెద్ద డబ్బా గీసింది. దాని కింద "తుడవరాదు" అని రాసింది.

"సెలవుల్లో బోర్డులన్నీ కడిగిస్తాం. ఇది మాత్రం ఇలాగే ఉంటుంది. వచ్చే ఏడాది వచ్చి పూర్తి చెయ్యి" అంది.

పిడుగు ఆ డబ్బా వంక చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, తలుపుకు గుద్దుకుని, అప్పుడు బయటికి పరిగెత్తింది.

బాబాయి వరండాలో కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. పిడుగు ఆయన చిటికెనవేలు పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. బడి గేటు దాటారు, మందులషాపు దాటారు.

"కోపమొచ్చిందా బాబాయ్?"

"రాదా మరి? అంతమందిలో పరువు తీశావు కదే."

"నాకు ఆ గది కావాలి బాబాయ్. నువ్వు చెప్తే అది నీ గది అయిపోద్ది."

ఆయన ఇంకో నాలుగడుగులు వేశాడు. "ఆ లెక్క..." అన్నాడు.

పిడుగు రెండు చెవులూ మూసేసుకుంది. "చెప్పకు! జవాబు చెప్పకు!"

"చెప్పడానికి నా దగ్గరుంటే కదా" అన్నాడు బాబాయి, సిగ్గుపడుతూ. "కిటికీలోంచి చూస్తూ అరచేతి మీద వేసుకున్నా. నాకూ కుదరలేదు. వేళ్ళతో చూపించానే, అదీ తప్పే అనుకుంటా."

పిడుగు చెవుల మీంచి చేతులు తీసేసింది. రోడ్డు పక్కనే ఆగిపోయి, నడుం మీద చెయ్యేసుకుంది.

"అయితే ముందు నీ తప్పుదారి చెప్పు."

ఎన్నేళ్ళుగానో పిల్లలకు జవాబులే చెప్పిన మనిషి. అటూ ఇటూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు. ఇక తప్పదనుకుని ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి గళ్ళు గీశాడు.

"గళ్ళు ముప్పై నాలుగున్నాయి కదా, సగం చేస్తే పదిహేడు, సరిగ్గా పదిహేడు బిళ్ళలు పట్టేస్తాయనుకున్నా. పరిచి చూడనేలేదు. అక్కడ ఇరుక్కున్నా" అన్నాడు. అలవాటు కొద్దీ గీసినదాన్ని అరచేత్తో చెరిపెయ్యబోయాడు.

పిడుగు చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

"తుడవకు బాబాయ్. పక్కన వెయ్యి."