నలభై ఒక్క గుంపులు

తెర మీద ఇంకో గెలాక్సీల గుంపు వెలిగింది. ఇర్మ్‌గార్ట్ ఎడర్ ముక్కు కొసకు జారిన కళ్లజోడులోంచి దాన్ని తేరిపార చూసి, 'కుదురుగా ఉంది' అని గుర్తు వేసి, ఉప్పు గీకేసిన ప్రెట్జెల్ రొట్టె ముక్క కొరికింది. మ్యూనిక్ శివార్లలోని ఈ పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఇదే. మెడ ముందుకు వంగిపోయింది. మౌస్ పట్టీ పట్టీ బొటనవేలు వాచింది. ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు.

ఒక్కో గుంపును రెండు రకాలుగా తూస్తారు. అందులోని వాయువు వేడిని బట్టి ఒకసారి, వెనక నుంచి వచ్చే వెలుగును అది ఎంత వంచిందో చూసి ఇంకోసారి. రెండు తూకాలూ కలిస్తే గురుత్వాకర్షణ గురించి ఐన్‌స్టీన్ చెప్పింది నిజం, కలవకపోతే కొత్త సిద్ధాంతం కావాలి. అయితే ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న గుంపుల్లో వాయువు కుదురుగా ఉండదు, వేడి తూకం తప్పుతుంది. తొంభై గుంపుల్లో అలాంటివి నలభై ఒకటి ఏరి, పక్కన పెట్టమని ఆమె రాసిచ్చింది.

అది చదివి, ఈ పరిశోధనకు పెద్దయిన ప్రొఫెసర్ రైన్‌థాలర్ నలుగురి ముందూ నవ్వాడు. "కంటితో చూసి చెబితే సోదె అవుతుంది గానీ సైన్స్ అవదు, ఫ్రౌ ఎడర్!" నలభై ఒకటినీ మళ్లీ లెక్కలో కలిపేశాడు. ఆయన వ్యాసాలన్నీ ఆ కంటి మీదే నిలబడ్డాయి. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. పాముపగ పన్నెండేళ్లంటారు, ఈమెది ఇరవై ఆరు.

పదకొండింటికి అందరూ చేరారు. ఎవరూ జవాబును తమకు నచ్చిన వైపు లాగకుండా, కంప్యూటర్ ఇన్నాళ్లూ దానికి ఒక రహస్య సంఖ్య కలిపి చూపించింది. ఇవాళ దాన్ని తీసేస్తారు. తీశాక ఒక్క గుర్తు కూడా మార్చకూడదు, వచ్చింది వచ్చినట్టే అచ్చువేయాలి. అది వాళ్ల కట్టుబాటు. అందుకే ముందుగా ఒక్కొక్కరినీ అడుగుతారు.

"ఫ్రౌ ఎడర్, అభ్యంతరమేమైనా ఉందా? మళ్లీ ఆ నలభై ఒకటేనా?"

అందరూ పకపకా నవ్వారు.

"నాకేం లేదు ప్రొఫెసర్ గారూ. కానివ్వండి."

ఆయన మీట నొక్కాడు. తూకాల మధ్య కొండంత తేడా. ఐన్‌స్టీన్ ఓడిపోయాడని కేకలు పెట్టారు, షాంపేన్ సీసా మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. ఇర్మ్‌గార్ట్ కడుపు చల్లబడింది. ఏడాది తిరక్కుండా ఇంకెవరో ఆ గుంపుల సంగతి పట్టేస్తారు, అప్పుడు ఈ పెద్దమనిషి మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలి!

రైన్‌థాలర్ తడికళ్లతో వ్యాసం మొదటి పేజీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రెండో పేరు మీదే. ఇన్నాళ్లూ పెట్టకపోవడం నా తప్పే. రిటైర్మెంటుకి కానుకనుకోండి."

ఆమె ఆ పేరును చాలాసేపు చదువుకుంది. తల్లికి చూపించాలనుకున్న పేరు. తల్లి పోయి తొమ్మిదేళ్లయింది. గంట ముందు ఇచ్చి ఉంటే అభ్యంతరం చెప్పి ఆపేసేదాన్నేనని తోచి, ఆమెకు ఒళ్లు మండింది.

"సంతోషం" అంది. పెన్ను మూత పెట్టి, కోటు వేసుకుని బస్సుకు నడిచింది. గ్లాసుల గోలలో ఎవరూ చూడలేదు.

బల్ల మీద ఆ పేజీ మిగిలింది. రెండో పేరు మీద కాగితం చిరిగేంత గట్టిగా గీసిన గీత, దాని పైన చెక్కుచెదరకుండా మొదటి పేరు, రైన్‌థాలర్‌ది.