సగం గ్లాసు

చాయ్ గ్లాసు ఈరోజూ సగమే ఉంది. సిలాసు దాన్ని బెంచీ మీద పెట్టి, వంగి, ఒక కన్ను మూసి, అంచుకు ఎంత కిందుగా చాయ్ ఉందో చూశాడు. తర్వాత ఇంటివైపు వెళ్లిపోతున్న భార్య వీపును చూశాడు. హేబ్సిబా పిసినారి కాదు. మరి మిగతా సగం ఎవరు తాగుతున్నట్టు?

సిలాసు అనుమానపు మనిషి. కూరగాయలామె తక్కెడ ఎత్తితే దాని అడుగున చెయ్యిపెట్టి తడిమేవాడు. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన తొందరగా ముగిస్తే, ఆయన్ని ఆ పూట ఎవరింటికి భోజనానికి పిలిచారో ఆరా తీసేవాడు. ఇవాళ పొద్దున్న గుండీలు ఎంతకీ పట్టకపోతే, కాజాలు ఇరుకుగా కుట్టాడని దర్జీని తిట్టి మరీ వచ్చాడు. అయినా నౌబాద్ రోడ్డున మోటారు సైకిళ్లవాళ్లు అతన్ని భరించేవారు. కారణం అతని కుడిచెయ్యి. నడుస్తున్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, అదురు ఎక్కడ పుడుతోందో చెప్పేసేవాడు. ధన్నూర నుంచి కుర్రతనంలో వచ్చి సైకిలు పంక్చర్లతో మొదలుపెట్టినవాణ్ణి ఈ రేకుల షెడ్డుదాకా తెచ్చింది ఆ చెయ్యే. చదువు లేదు, పొలం లేదు, పిల్లలు కలగలేదు. ఎవరైనా "సిలాసు చెయ్యి పడ్డ బండి" అంటే మాత్రం లోపల్లోపల మురిసిపోయేవాడు. ఆ మాట పోతే తనకింకేమీ మిగలదని అతని భయం.

రెండు గుక్కల్లో చాయ్ ముగించి గోడ దగ్గరికి వెళ్లాడు. పానాలు మేకులకు వరసగా వేలాడుతున్నాయి. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లేముందు పదిహేడు నంబరు పానా చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పెట్టాడు. ఇప్పుడు పానా గీత దాటి పక్కకు ఒరిగి ఉంది.

"దొరికినవ్ బిడ్డా," అనుకున్నాడు.

షెడ్డుకూ పక్కనున్న స్పేరుపార్టుల దుకాణానికీ మధ్య గోడలో ఒక తలుపుంది. దుకాణం హేబ్సిబా తమ్ముడు ఫిలిప్పుది. సిలాసు లేనప్పుడు షెడ్డులో అడుగుపెట్టగలిగేది అతనొక్కడే. ఎందుకొస్తున్నాడు? పని నేర్చుకుని షెడ్డు లాక్కుందామనా? మంచి సామాను విప్పుకుపోయి నకిలీది తగిలిస్తున్నాడా? సిలాసుకు రెండూ నిజమే అనిపించాయి.

పైన శిక్షణ విమానమొకటి రొద పెడుతూ తిరుగుతుండగా శ్రీశైల్ బుల్లెట్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. శ్రీశైల్‌ది ఔరాద్‌లో ఎరువుల దుకాణం. గుంతల్లో నడుము విరుగుతోందని, ఇంజన్ అదురుకు చేతులు తిమ్మిరెక్కుతున్నాయని పోయినవారమే కొత్త షాకప్‌లు, ఇంజన్‌ను చాసీకి పట్టే చోట కొత్త రబ్బర్లు వేయించుకుని వెళ్లాడు.

"సిలాసన్నా, పాతయే నయముండె," అన్నాడు బండి దిగకుండానే. "జర స్పీడు అందుకుంటే సాలు, హ్యాండిల్ అటు ఇటు కొట్టుకుంటాంది. అదురు డబులైంది. నిన్న మా ఇంటామె జగదేవి ఎన్క కూసుంది, ఆమెకు ఏడో నెల. జరంతల తప్పింది గని, ఇద్దరం పడుతుంటిమి."

సిలాసుకు ముందు భయం వేసింది. వెంటనే ఆ భయం కోపమైంది.

"ఫిలిప్పూ! ఇటు రా!"

ఫిలిప్పు నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలుపులోంచి వచ్చాడు.

"ఏం రబ్బర్లిచ్చినవ్ర నాకు? నకిలీ మాల్ అంటగట్టినవ్ గదా? నేను లేనప్పుడు నా షెడ్డుల దూరి నా పానాలు ముడుతున్నవ్. గీత గీసి పట్టుకున్న నిన్ను. దొంగవి నువ్వు!"

ఫిలిప్పు ముఖం కందిపోయింది. బావను చూశాడు, బండిని చూశాడు.

"రబ్బర్లు అసలుయే బావా. ఇప్పి సూడు," అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయాడు. తప్పు లేనివాడైతే ఎదురు తిరగడా, అనుకున్నాడు సిలాసు.

ముందుచక్రం పైకి లేపి ఫోర్కు పట్టుకుని గుంజి చూశాడు. హ్యాండిల్ కింది బేరింగులో వదులు లేదు. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. వెనకచక్రం వంకర లేకుండా నేరుగా ఉంది.

"ఇగ నీళ్ల గ్లాసు పెట్టి సూపిస్త నీకు," అన్నాడు శ్రీశైల్‌తో. అది అతని పాత పద్ధతి. ఇంజన్ నడుస్తుండగా ట్యాంకు మూత మీద నిండుగ్లాసు పెడితే, అదురు ఎంతుందో బండివాడికి కళ్లకు కనబడుతుంది.

చాయ్ గ్లాసు కడిగి, కుండలోంచి అంచుదాకా నింపాడు. బండి దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. నేల ఎగుడుదిగుడుగా ఉందనుకున్నాడు. మళ్లీ నింపుకుని, ఈసారి మెల్లగా అడుగులేస్తూ వచ్చాడు. నీళ్లు వేళ్ల మీదుగా మోచేతిదాకా కారాయి. శ్రీశైల్ రోడ్డువైపు చూస్తున్నాడు, కావాలనే చూస్తున్నాడు. బండి ఇంకా స్టార్టే చెయ్యలేదు.

సిలాసు గ్లాసును మూత మీద పెట్టాడు. నీళ్లు నిలిచాయి. చేతిలోకి తీసుకున్నాడు. నీళ్లు చిందాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. కొంచెం పారబోసి, సగం చేసి పట్టుకున్నాడు. సగం ఉంటే ఒక్క చుక్క కూడా బయట పడటం లేదు.

తన చేతిలోని అదురు సంగతి హేబ్సిబాకు తెలుసన్నమాట. ఎన్నాళ్లుగానో తెలుసు. తన వెనక ఏదో జరుగుతోందన్న అనుమానం నిజమే అయింది గానీ, అది ఇదని అతను కలలో కూడా అనుకోలేదు.

కూలబడి, ఇంజన్ కింది బోల్టు మీద వేలు పెట్టాడు. పానా అక్కర్లేకుండానే అది తిరిగింది. రబ్బరు అసలు సరుకే, ఇంజన్ కొట్టుకుని ఒక పక్క అరిగింది అంతే. ఆరోజు చివరిసారి బిగిస్తుంటే చెయ్యి జారడమూ, చాల్లే అనుకుని లేవడమూ ఇప్పుడు గుర్తొచ్చాయి. పానా వేసి బలమంతా పెట్టి గుంజాడు. పానా జారి కిందపడి గల్లుమంది. ఆ సీటు మీద కడుపుతో ఉన్న మనిషి కూర్చుంది.

"ఫిలిప్పూ," అన్నాడు. ఈసారి అరవలేదు.

ఫిలిప్పు వచ్చి, ఏమీ అడక్కుండా పానా అందుకుని నేలమీద కూర్చున్నాడు. ముందు బోల్టులన్నీ వదులు చేశాడు. ఇంజన్ కాసేపు నడిపి, అది రబ్బర్ల మీద తనంతట తాను సర్దుకున్నాక ఆపాడు. కిందివి ముందు, పైది చివర, ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాడు. ఆ వరస సిలాసుదే.

"ఎప్పటి సంది?" అన్నాడు సిలాసు.

"క్రిస్మస్ సంది బావా. అక్క జెప్పింది. నువ్వు ఇంటికి వోయినంక, నువ్వు జేసిన బండ్ల బోల్టులు సూసి బిగిస్తుంటి. ఈ బండి జేసిననాడు నేను కమలనగర్ల పెండ్లికి పోయిన." ఫిలిప్పు తల ఎత్తలేదు. "నువ్వు సుద్దగీత గీసింది గూడ సూసిన. గని నిన్నటి బండికి బోల్టు వదులున్నదని ఎర్కైనంక ఎట్ల ఇడిసిపెట్టాలె?"

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే నమ్ముతుంటివా?"

నమ్మేవాడు కాదు. షెడ్డు కాజెయ్యడానికే ఈ మాట పుట్టించాడని ఊరంతా చాటేవాడు. సిలాసుకు సిగ్గుతో తల వాలిపోయింది.

"అందరి ముంగట దొంగ అన్న నిన్ను."

"అంటివి. ఇగ ఆ గ్లాసు నింపుకరానా?"

ఫిలిప్పు అంచుదాకా నింపిన గ్లాసును తొణక్కుండా తెచ్చి ట్యాంకు మూత మీద పెట్టాడు. ఇంజన్ నడుస్తుంటే నీళ్ల మీద సన్నటి గీతలు పుట్టాయి, అంతకు మించి ఏమీ లేదు. గ్లాసు తీసి బెంచీ మీద పెట్టాడు. శ్రీశైల్ రింగురోడ్డుదాకా పోయి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"సక్కగ వోతాంది అన్నా! సిలాసన్న చెయ్యి వడ్డంక ఇగ సూడాల్నా!"

సిలాసు ఆ మాటను కాసేపు అలాగే ఉండనిచ్చాడు. ఎంత తియ్యటి మాట అది.

"నా చెయ్యి గాదు శ్రీశైల్," అన్నాడు. "ఫిలిప్పుది."

షెడ్డు తాళంచెవి తీసి ఫిలిప్పు జేబులో వేశాడు. అతను వద్దంటున్నా వినకుండా, పట్టపగలే, చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి నడిచాడు.

హేబ్సిబా గుమ్మంలో లేచి నిలబడింది. "ఏమైందయ్యా, గీ యాళప్పుడు వచ్చినవ్?"

"ఏం గాలే. జరంత చాయ్ వొయ్యి. సగమే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. పొయ్యి వెలిగించి, అటు తిరిగే కళ్లు తుడుచుకుని అడిగింది. "నీ గ్లాసేది?"

గ్లాసు షెడ్డులోనే ఉండిపోయింది, ఫిలిప్పు పెట్టిన చోట, అంచుదాకా నీళ్లతో.