ఐదో అంతస్తులో మాజాంగ్

కువాంగ్ సుయింగ్ తన ముందుగదిని పెద్దవాళ్ల కాలక్షేపానికి ఊరికే ఇచ్చేసిందని తెలిసి కాలనీ కమిటీ వాళ్లు పొంగిపోయారు. భర్త పోయిన దుఃఖంలో మనసు మెత్తబడిందని వీధంతా అనుకుంది. ఆమె మనసు ఏమీ మెత్తబడలేదు. ఆమెకు కావలసింది, కింది వాటా ఒవ్‌యాంగ్ దెషెంగ్ ఇంట్లో రోజూ కూర్చునే ముగ్గురు మనుషులు.

బిళ్ళలతో ఆడే మాజాంగ్‌కు నలుగురుండాలి. ఏళ్ల తరబడి పెంగ్, లియావ్, రిటైరైన బస్సు డ్రైవరు షూ ఒవ్‌యాంగ్ ఇంట్లోనే ఆడేవారు. ముగ్గురూ అదే భవనంలో పై అంతస్తుల వాళ్లు. కిటికీ పక్కన బల్ల, గాజు గ్లాసుల్లో మల్లెపూల టీ, పొద్దు గూకేదాకా బిళ్ళల చప్పుడు. ఆ కిటికీలోని వెలుతురు కోసమే ఒవ్‌యాంగ్ లిఫ్టుకు అడ్డుపడ్డాడు.

సుయింగ్ భర్త బోవెన్‌కు పక్షవాతం వచ్చిన ఏడాదే వీధి మలుపులో పెద్దల సేవాకేంద్రం తెరిచారు. కాళ్లూ చేతులూ ఆడించి నడిపించే అమ్మాయి ఉంది, వేడి భోజనం ఉంది, పలకరించే మనుషులున్నారు. లేనిదల్లా ఐదో అంతస్తు నుంచి దిగే దారి. బయటి గోడకు ఆనించి లిఫ్టు కట్టిస్తాం, కానీ అన్ని ఇళ్లవాళ్లూ ఒప్పుకోవాలి అన్నారు కమిటీ వాళ్లు. ఒవ్‌యాంగ్ ఒక్కడే ఒప్పుకోలేదు. సుయింగ్ పదే పదే అతని గుమ్మంలో నిలబడింది. చివరిసారి అతను చేతిలో బిళ్ళ మీంచి చూపు కూడా తిప్పలేదు.

"మీ ఆయన దిగడానికి నా ఇల్లు చీకటి చేసుకోవాలా చెల్లెమ్మా? ఐదో అంతస్తులో ఉండమని మీకు నేను చెప్పానా?"

పెంగ్, లియావ్ నవ్వారు. షూ తల దించుకున్నాడు.

బోవెన్ రెండేళ్లు కిటికీలోంచి ఆ కేంద్రం గుమ్మాన్నే చూశాడు. చివరికి అతను నేల మీదికి దిగింది శవంగానే.

ఆ మరుసటి ఏడాది రూలు మారి, ఎక్కువమంది ఒప్పుకుంటే చాలన్నారు. లిఫ్టు లేచింది, ఒవ్‌యాంగ్ కిటికీ చీకటైంది. డబ్బు కట్టిన ఇళ్లకే కార్డు. కార్డు చూపిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కింద ఉండేవాడికి లిఫ్టెందుకని ఒవ్‌యాంగ్ ఒక్క యువాన్ కట్టలేదు.

సుయింగ్‌కు పట్టు దొరికింది. బిళ్ళల్ని తనే కలిపే కరెంటు బల్ల, కొత్త ఏసీ కమిటీ చేత పెట్టించింది. నాలుగో కుర్చీలో తనే కూర్చుంది. పెంగ్ ఊరికే చూసిపోదామని వచ్చి ఇక కదల్లేదు. వారం తిరిగేసరికి లియావ్, షూ కూడా వచ్చేశారు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఎవరైనా తమ కార్డుతో ఒవ్‌యాంగ్‌ను లిఫ్టెక్కిస్తే గదికి తాళం పడుతుంది.

కింద ఒవ్‌యాంగ్ ఖాళీ బల్ల ముందు కూర్చుని, తన కిటికీ పక్కనుంచే నేస్తాలు పైకి వెళ్లిపోవడం చూసేవాడు. నెల రోజులు బింకంగా ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. మోకాళ్లు అరిగిన మనిషి, గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. మూడో అంతస్తు దాటాక చప్పుడు ఆగింది.

"షూ!"

నలుగురూ వచ్చి పిట్టగోడ మీంచి తొంగి చూశారు. మెట్ల మలుపులో, మూసి ఉన్న లిఫ్టు తలుపు ముందే, ఒవ్‌యాంగ్ చతికిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"పైకి రాలేను, కిందికి పోలేను. ఎవరైనా కార్డు పెట్టండి."

"పెడదాం అన్నా," అంది సుయింగ్. "కానీ ఇది అందరి లిఫ్టు. అందరూ ఒప్పుకోవాలి." పక్కకు తిరిగింది. "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

మూడు చేతులు లేచాయి. ఆమె చేయి లేవలేదు.

"ఒకరు ఒప్పుకోలేదన్నా. మళ్ళీ అడగండి. నేనూ అలాగే అడిగాను."

ఒవ్‌యాంగ్ తలెత్తి ఆమెను చూశాడు. "నీ కసి తీరిందా?"

"లేదు."

అతను కర్రను ముందుకు దొర్లించి, కూర్చునే ఒక్కో మెట్టూ జారడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు తియ్యగా ఉంటుందని ఆమె ఎన్నాళ్లుగానో అనుకుంది. నిజంగానే తియ్యగా ఉంది.

లోపల బిళ్ళలు సిద్ధంగా ఉన్నాయి. షూ కూర్చోలేదు.

"ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను వదినా. ఇవాళ కూర్చోలేను. తాళం వేసుకుంటే వేసుకో," అంటూ కార్డు తీసుకుని బయటికి వెళ్లాడు.

కాసేపటికి లిఫ్టు గంట మోగింది. సుయింగ్ కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒవ్‌యాంగ్‌ను భుజం మీద ఆనించుకుని, బోవెన్ ఒక్కసారీ నడవని ఆ దారిలో, షూ సేవాకేంద్రం వైపు నడిపిస్తున్నాడు. గుమ్మంలో అమ్మాయి ఎదురొచ్చి అతని రెండో చేయి పట్టుకుంది. సుయింగ్ పళ్లు బిగించింది.

"ముగ్గురం ఏం ఆడతాం?" అని గొణిగాడు పెంగ్.

"ఆయన మధ్యాహ్నం భోజనం అక్కడేనా?"

"రోజూ అక్కడే. వండుకోవడం చేతకాదుగా."

"వడ్డించడానికి మనుషులు కావాలని కమిటీ వాళ్లు అడుగుతున్నారు," అంది సుయింగ్. "రేపటి నుంచి వస్తానని చెప్తాను. అన్నం కావాలంటే ఇక ఆయన నన్నే అడగాలి."

పెంగ్, లియావ్ ఒకరి మొహం ఒకరు చూసుకుని చెప్పులు వేసుకున్నారు. ఆమె వెనక్కి తిరగలేదు.